ట్రాలీకి కాళ్లవైపు నడిచే మనిషి

మా నర్సింగ్‌హోమ్‌లో ఇప్పుడు ట్రాలీని తలవైపు నుంచే తోస్తారు. కాళ్లవైపు ఎవరూ నడవరు. నడవాలని రూలేమీ లేదు కనుక ఎవరినీ తప్పుపట్టలేను. పోయిన వారం అఫ్జల్‌గంజ్ నుంచి ఒక పెద్దాయన పిత్తాశయంలో రాళ్లకని వచ్చాడు. టేబుల్ మీద పడుకోబెడుతుంటే, "డాక్టర్‌సాబ్, నాకు డర్ గిర్ ఏం లేదు. మీ పని మీరు చేస్కోండ్రి" అన్నాడు. భయమే లేదన్న ఆ మాట చాలా మర్యాదగా, నవ్వుతూ అన్నాడు. నేను దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చి ఆయన పాదం పట్టుకున్నాను. కొత్త నర్సు నా వంక వింతగా చూసింది. మత్తు డాక్టర్‌కు పాదాలతో ఏం పని అనుకుని ఉంటుంది. నాకు ఆ అలవాటు అంటించిన మనిషి పోయి అప్పటికి నెల దాటింది.

మత్తు డాక్టర్ బతుకు గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే ఆ అలవాటు అంటించిన ఆవిడ సంగతి అర్థం కాదు. ఆపరేషన్ చేసినవాడి పేరు పేషెంటుకు జన్మంతా గుర్తుంటుంది. నిద్రపుచ్చినవాడి పేరు గుర్తుండదు. గుర్తుంటే నేను పని సరిగా చేయనట్టు. పొద్దున ఒక చోట కాన్పు, మధ్యాహ్నం మరో చోట హెర్నియా, ఆ తర్వాత చాంద్రాయణగుట్ట దగ్గర ట్రాఫిక్‌లో అరగంట, మళ్లీ ఇంకో కాన్పు. ఇరవై రెండేళ్లుగా పాతబస్తీలో ఇదే తిరుగుడు. మొదట్లో పేషెంట్ల ముఖాలు చూసేవాణ్ణి. తర్వాత్తర్వాత బరువు, బీపీ, షుగరు చూడటం నేర్చుకున్నాను. కిలోకు ఇంత మందు అని లెక్క ఉంది కదా, ముఖంతో ఏం పని.

ఆమె పేరు రాయను. నర్సింగ్‌హోమ్‌లోనూ ఆమెను పేరుపెట్టి పిలిచినవాళ్లు లేరు. మాకు పెద్దమ్మ. వచ్చే పేషెంట్లలో ఉర్దూ మాట్లాడే సగం మందికి ఖాలా, అంటే పిన్ని. హాజరు పట్టీలో మాత్రం ఆయా. పొట్టిగా, గట్టిగా ఉండేది. నుదుటి మీద రూపాయి బిళ్లంత బొట్టు, కొంగు ఎప్పుడూ నడుముకు బిగించే ఉండేది. వార్డు నుంచి థియేటర్‌కు పేషెంటును తెచ్చే పని ఆమెది. ట్రాలీని ఎవరైనా తోయనీ, ఆమె మాత్రం కాళ్లవైపు నడిచేది, వెనక్కి నడుస్తూ, పేషెంటుకు తన ముఖం కనిపించేట్టు. ఒక చెయ్యి దుప్పటి కింద ఉండేది. పేషెంటు పాదం ఆ చేతిలో ఉండేది.

"డరో నక్కో బేటా, పాంచ్ మినిట్ కా కామ్ హై" అనేది. అది అయిదు నిమిషాల పనైనా, మూడు గంటల పనైనా అదే మాట. తెలుగువాళ్లయితే, "ఫికర్ చెయ్యకు బిడ్డా, సార్ మంచిగ నిద్రవుచ్చుతడు" అనేది. నా పేరు చెప్పేది కాదు. బహుశా ఆమెకూ గుర్తుండేది కాదేమో.

తాయెత్తుల సంగతి ఒకటుంది. థియేటర్‌లోకి ఒంటిమీద ఏదీ ఉంచుకుని రాకూడదు. మా పేషెంట్లలో చేతికో మెడకో తాయెత్తు లేనివాళ్లు తక్కువ. అది విప్పమంటే చాలామందికి అప్పటిదాకా ఉన్న ధైర్యం కూడా పోతుంది. నర్సులు విప్పి కవర్లో వేసి బంధువుల చేతికిచ్చేవాళ్లు. ఆమె అలా ఇవ్వనిచ్చేది కాదు. వాళ్లు చూస్తుండగానే విప్పి తన చేతికి కట్టుకునేది. "నా చేతికున్నా నీకే పనిచేస్తది" అనేది. ఆపరేషన్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో ఆమె మోచేతి దాకా నల్లదారాలు, పచ్చగుడ్డ తాయెత్తులు, ఏడుకొండలవాడి కంకణాలు అన్నీ కలిసి ఉండేవి. పేషెంటుకు మెలకువ రాగానే ఎవరిది వాళ్లకు కట్టేది. ఒక్కటి కూడా మారిపోలేదు. సూదులకు, సీసాలకు లేబుళ్లు అంటించే మేము మాత్రం అప్పుడప్పుడు తికమక పడేవాళ్లం.

ఆమె పాదం పట్టుకుని ఏం చూసేదో నాకు మొదటి రెండేళ్లు తెలియదు. ఓదార్పు అనుకున్నాను. ఒకరోజు బేగంబజార్ హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన హెర్నియాకు వచ్చాడు. వంద కిలోల మనిషి. వార్డులో నర్సును, జనరేటర్‌ను, నన్ను, చివరికి గోడకున్న గడియారాన్ని కూడా తిట్టాడు. మందు బాగా పడుతుందని పెద్ద సిరంజి నింపుకుని కూర్చున్నాను. ట్రాలీ లోపలికి వచ్చింది. ఆమె నా పక్కనుంచి పోతూ, "జర తక్కువే ఇయ్యుండ్రి సార్. గీయన లోపల ఏం లేదు. అంత బయటికే ఎల్లవోసిండు" అంది. ఆయాకు డోసు సంగతి ఎందుకని చిరాకు పడ్డాను. సగం సిరంజి కూడా వెళ్లకముందే ఆయన నన్ను తిడుతూ తిడుతూ మాట మధ్యలో నిద్రపోయాడు. మిగతా సగం సిరంజిని ట్రేలో పెట్టేశాను.

ఆ తర్వాతి నెలలో ఒక దర్జీ వచ్చాడు. సన్నగా, నెమ్మదిగా, అడిగినదానికల్లా "జీ సాబ్" అనే మనిషి. చిన్న ఆపరేషన్. "గీయన కాళ్లు ఐసైనయి సార్. మస్తు పడ్తది" అందామె. నేను వినలేదు. యాభై కిలోలకు ఎంతో అంతే ఇచ్చాను. పది నిమిషాలకు ఆయన టేబుల్ మీద లేచి కూర్చుని చేతికున్న సూది పీక్కోబోయాడు. ముగ్గురం పట్టుకోవాల్సి వచ్చింది. మళ్లీ నిద్రపుచ్చేసరికి నా చొక్కా తడిసిపోయింది. ఆ రోజు ఆమె నాతో ఏమీ అనలేదు. అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

సాయంత్రం మెట్ల దగ్గర టీ తాగుతుంటే అడిగాను, ఇదంతా ఎక్కడ నేర్చావని.

"ఎక్కడేంది సార్. మాకు పద్నాలుగు బర్రెలుండె. జహనుమాల గీ ఇండ్లన్ని లేనప్పుడు అంత మా కొట్టాలే. తన్నే బర్రె ఉంటది చూడు, దానికి భయముండదు. కోపముంటది. అటు తన్ని ఇటు పాలిస్తది. భయపడ్డ బర్రె తన్నదు. ఊకెనే నిలబడ్తది, గంతే. పాలు పొదుగులనే ఆపుకుంటది. నువ్వెంత పిండు, రావు." టీ ఊదుకుని తాగి, "మీ పేషెంట్లు గూడ గంతే" అంది.

పేషెంట్లు బర్రెలేమిటని నవ్వాను. ఆమె నవ్వలేదు.

డాక్టర్లకు తెలియని సంగతేమీ కాదిది. భయపడ్డ ఒంట్లో గుండె పరిగెడుతుంది, నెత్తురు పరిగెడుతుంది, మేమిచ్చిన మందుకు మెదడు అంత తేలిగ్గా లొంగదు. ఒక్కొక్కరి కాలేయం మందును ఒక్కో వేగంతో అరగదీస్తుంది. స్వభావానికీ దానికీ ఎంత సంబంధం ఉందో పుస్తకాల్లో రెండు రకాలుగానూ రాసి ఉంది. ఉందని ఒకరు, అంతా ఒట్టిదని ఒకరు. నేను చదివి పక్కన పెట్టేశాను, ఎందుకంటే ప్రతి పేషెంటు దగ్గరా కూర్చుని నీ స్వభావం ఏమిటని అడగడానికి నాకు టైము లేదు. ఆమెకూ టైము లేదు. వార్డు నుంచి థియేటర్‌కు నలభై అడుగులు. ఆ నలభై అడుగుల్లో చూసేది.

దర్జీ తర్వాత నేను అడగడం మొదలుపెట్టాను. అందరి ముందు కాదు. డ్రిప్ చూస్తున్నట్టు నటిస్తూ, "ఎట్లున్నడు పెద్దమ్మా" అనేవాణ్ణి. "వెచ్చగనే ఉన్నడు" అనేది, లేకపోతే "సల్లగున్నది, జర చూస్కోండ్రి" అనేది. దాన్నిబట్టి చేతిలో ఇంకో సిరంజి సిద్ధం చేసుకునేవాణ్ణి. కొన్నిసార్లు ఆమె లెక్క తప్పేది. "గీ పిల్ల నన్ను మోసం చేసింది సార్" అని ఒప్పుకునేది. అయినా ఆమె తప్పులు నా తప్పులకంటే తక్కువ. ఒకసారి సరదాకి, నాకైతే ఎంత మందు పడుతుందని అడిగాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "మీకు సూదెందుకు సార్, కుర్చీ దొరికితె చాలు" అంది. నిజమే. కేసుకూ కేసుకూ మధ్య నేను ఎక్కడ కూర్చుంటే అక్కడే నిద్రపోయేవాణ్ణి.

రెండేళ్ల కిందట ఆమె చిక్కిపోవడం మొదలైంది. అన్నం సగంలో వదిలేసేది. గ్యాసు అనేది. కొంగు నడుముకు రెండు చుట్లు తిరగడం చూసి, నేనే బలవంతంగా ఎండోస్కోపీకి ఒప్పించాను. గొట్టం గొంతులోంచి కడుపులోకి దించి చూడటమే, కోత ఉండదు. మా దగ్గరే చేశాం. కడుపు డాక్టర్ బయటినుంచి వచ్చాడు. నేను ఆమె తలవైపు కూర్చున్నాను.

అందరినీ అడిగే ప్రశ్నలే అడిగాను. బీపీ ఉందా, షుగరుందా, మాత్రలేమైనా మింగుతున్నావా. అన్నిటికీ లేదంది. "తాగుడు గీగుడు ఉన్నదా" అని నవ్వుతూ అడిగాను. "నా మొకం చూస్తె గట్ల కొడ్తున్నదా సార్" అంది. ఇద్దరం నవ్వుకున్నాం. నేను కాగితం మీద లేదు అని గీసేశాను.

ఆ ట్రాలీకి ఆ రోజు కాళ్లవైపు ఎవరూ నడవలేదు. నాకూ తట్టలేదు. వేలమందిని ఇదే తలుపులోంచి తెచ్చిన మనిషి, ఆమెకు భయమేమిటి అనుకున్నాను. మిడాజొలాం అని మేమిచ్చే మందు ఒకటుంది. దానితో మనిషి మగతలోకి పోతాడు, ఆ కాసేపట్లో జరిగింది తర్వాత గుర్తుండదు. వయసు చూసి, బరువు చూసి, కొంచెమే ఇచ్చాను. ఆమె కళ్లు మూసుకుంది. కదలలేదు. గొట్టం దిగుతుంటే కళ్లవెంట నీళ్లు కారాయి. గొట్టం దిగితే ఎవరికైనా కారతాయి, అందుకని నేను పట్టించుకోలేదు.

తెర మీద కనిపించింది చూసి కడుపు డాక్టర్ చేతులు ఆపాడు. "క్యాన్సరే. బాగా ముదిరిపోయింది. ఆపరేషన్‌కు కూడా పనికిరాదు" అన్నాడు.

"ఎంతకాలం?" అని అడిగింది నేనే. ఆమె తల పక్కనే కూర్చుని అడిగాను.

"ఆరు నెలలు గగనం."

ఆమెకు ఒక్కతే కూతురు. చాంద్రాయణగుట్ట ఫ్లైఓవర్ దగ్గర భర్తతో కలిసి టిఫిన్ బండి నడుపుతుంది. పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. నేను చెప్పింది విని గోడనానుకుంది. "సార్, మా అమ్మకు చెప్పకుండ్రి. తెలిస్తె గీ రోజే పోతది. మీ కాళ్లు మొక్కుత, ఉన్నన్ని దినాలు ఫికర్ లేకుంట ఉండనియ్యుండ్రి" అంది. పేషెంటుకు నిజం చెప్పాలని మాకు పాఠాల్లో ఉంది. మా వార్డుల్లో ఆ పాఠం ఎప్పుడూ పనిచేయదు. సరే అన్నాను. అప్పటినుంచి ఆ పిల్లకు బతుకులో ఒకటే పట్టుదల, అమ్మకు తెలియకూడదు. దాన్ని నిలబెట్టే బాధ్యత నాది.

ఆమె దగ్గరికెళ్లి, కడుపులో పుండు ఉంది, మందులకు మానుతుంది అని చెప్పాను. అబద్ధం చెప్పడం నాకు బాగానే వచ్చు. రోజూ అయిదు నిమిషాల పని అని చెప్పే మనుషుల మధ్య ఉన్నవాణ్ణి.

"మంచిది సార్" అంది. తర్వాత, "పుండు ఎన్ని దినాలకు మానుతది?" అని అడిగింది.

"నాలుగైదు నెలలు పట్టొచ్చు."

"గంతే గద" అంది.

ఓపిక ఉన్నంతకాలం డ్యూటీకి వచ్చింది. మేమందరం నాటకం ఆడాం. నర్సులు, పుండుకు మజ్జిగ మంచిదని సలహాలు చెప్పేవాళ్లు. కూతురు రోజూ బండి కట్టేశాక వచ్చి, "అమ్మా, ఇయ్యాల మొకం జర తేటగున్నదే" అని నవ్వేది. ఆమె కూడా అవునే అని నవ్వేది. మూడో నెలలో ఆమె చేతులు వణకడం, రాత్రిళ్లు నిద్ర పట్టకపోవడం మొదలైంది. నీరసం వల్ల అనుకున్నాను. నేను ఆ ఏడాదంతా ఏది చూసినా తప్పుగానే అనుకున్నట్టున్నాను.

నాలుగో నెలకు నీళ్లు కూడా దిగలేదు. కడుపులో దారి మూసుకుపోయింది. మళ్లీ గొట్టం దించి, మూసుకున్న చోట దారి తెరిచి ఉంచే స్టెంట్ వేయాలి. మళ్లీ ఆ థియేటరే, మళ్లీ నేనే. కడుపు డాక్టర్ ఇంకా రాలేదు. నర్సు సామాను సర్దడానికి పక్కగదికి వెళ్లింది. ట్రాలీ మీద ఆమె చిన్నపిల్లంత ఉంది.

"సార్, గీ పారి జర ఎక్కువ ఇయ్యుండ్రి" అంది.

"ఎందుకు పెద్దమ్మా?"

"పోయినపారి నిద్ర వట్టలే."

"అంటే, ఏమన్నా వినపడిందా?"

"అంత విన్న. ఆరు నెలలు గగనమన్నడు గద ఆ సారు. ఎంతకాలమని మీరడిగిండ్రు."

నేను కూర్చున్నాను. మేలుకునే ఉన్నానని అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను. బుద్ధిలేని ప్రశ్న.

"గొట్టం నోట్లె వెట్టుకొని ఎట్ల చెప్పాలె సార్."

"తర్వాతైనా?"

"తర్వాత మీరచ్చి పుండన్నరు. మీ మొకం చూసిన. నాకంటె మీకే ఎక్కువ భయమున్నది. ఎందుకు లొల్లి అని ఊకున్న."

నా మందు ఎందుకు పనిచేయలేదో అప్పటికీ నాకు అర్థం కాలేదు. ఏదైనా నిద్రమాత్ర వాడతావా అని మళ్లీ అడిగాను. లేదంది. ఊరికే అన్నట్టు, "కల్లు గిట్ల?" అన్నాను.

"కల్లు రోజు తాగుత గద. డ్యూటీ దిగినంక రెండు సీసలు. ముప్పై ఏండ్లాయె. మా ఇంటాయన ఉన్నప్పటిసంది. ఇగ నాలుగు వారాలాయె, దిగుతలేదు."

"మరి తాగుడు ఉందా అంటే లేదన్నావు."

ఆమె నన్ను జాలిగా చూసింది. "కల్లు తాగుడెట్లయితది సార్? బ్రాండి గిట్ల తాగితె తాగుడు. కల్లు ఒళ్లునొప్పులకు."

ఇక్కడ ఎవరినడిగినా ఇదే చెప్తారు. ఇరవై రెండేళ్లుగా ఇక్కడే తిరుగుతున్నవాణ్ణి, నాకు తెలియాలి. ఆ సీసాల్లో ఉండేదంతా చెట్టు నుంచి దిగింది కాదనీ, చాలాచోట్ల నిద్రమాత్రల పొడి కలుపుతారనీ కూడా నాకు తెలుసు. నేనిచ్చిన మిడాజొలాం ఆ పొడికి దాయాదే. ముప్పై ఏళ్లు రోజూ నిద్రమందు తాగిన ఒంటికి నా రెండు మిల్లీగ్రాములు ఏ మూలకు. చేతుల వణుకు నీరసం కాదు, ఆ పొడి ఆగిపోయిన వణుకు. కల్లు తాగుతావా అని ఒక్క మాట సరిగ్గా అడిగి ఉంటే ఆమె దాచేది కాదు. ఆమె ఏదీ దాచే మనిషి కాదు. నేను కాగితం మీద ఉన్న ప్రశ్న అడిగాను, నవ్వుకుని గీత గీశాను. ఆమె నాలుగు నెలలు చావును ఒక్కతే మోసింది.

దుప్పటి కింద ఆమె పాదం పట్టుకున్నాను. అంతకుముందు ఎప్పుడూ ఎవరిదీ పట్టుకోలేదు. చల్లగా, చెమటగా ఉంది. వేళ్లు ముడుచుకుని ఉన్నాయి. ఎన్నాళ్లనుంచి అలా ఉన్నాయో.

"భయమేస్తున్నదా?" అన్నాను.

"మస్తు భయమైతున్నది సార్" అంది, మామూలు గొంతుతోనే. నేను తన కాలు పట్టుకున్నందుకు ఇబ్బందిపడి వెనక్కి లాక్కోబోయింది. నేను వదల్లేదు. కాసేపటికి తనే లాగడం మానేసింది.

"ఒక్కటి చెప్త, ఇంటరా" అంది. "నా బిడ్డకు చెప్పకుండ్రి. నాకు ఎర్కలేదనుకొని అది జర నిమ్మలంగున్నది. నాకు తెలుసని తెలిస్తె ఇన్ని దినాలు నేనొక్కదాన్నే ఏడ్చిన్నని అది జిందగీ అంత ఏడుస్తది."

మాట ఇచ్చాను. కూతురికి ఇచ్చిన మాటలాగే ఇదీ ఇచ్చాను. కడుపు డాక్టర్ రాగానే బయటే ఆపి, లోపల ఒక్క మాట కూడా మాట్లాడొద్దని చెప్పాను. ఆ రోజు మందు లెక్కపెట్టి ఇవ్వలేదు. కొంచెం ఇవ్వడం, పిలవడం, ఆమె ఊఁ అంటే ఇంకొంచెం ఇవ్వడం. ముసలి ఒళ్లు, ఎక్కువైతే ఊపిరి ఆగుతుంది. ఒక చెయ్యి సిరంజి మీద, ఒక చెయ్యి ఆమె గుండెల మీద పెట్టుకుని కూర్చున్నాను. ఆరోసారి పిలిస్తే పలకలేదు. ఏడోసారీ పలకలేదు. అప్పుడు తలూపాను. ఆ ఒక్కసారి ఆమెను నిజంగా నిద్రపుచ్చాను.

స్టెంట్ వేశాక మజ్జిగ, జావ దిగాయి. ఆరు నెలలు గగనమన్నవాడి లెక్క తప్పింది. ఇంకో ఏడాది పైగా బతికింది, మంచం మీదే ఎక్కువ. నెలకోసారి జహనుమాలో వాళ్లింటికి వెళ్లి చూసొచ్చేవాణ్ణి. ఆమె నన్ను పుండు సంగతి అడిగేది. మానుతోంది అనేవాణ్ణి. కూతురు మా ఇద్దరి ముఖాలూ చూసి సంతోషపడేది. నాకైతే ఆ ఇంట్లో కూర్చున్న ప్రతిసారీ ఒళ్లంతా బరువెక్కేది.

పోయిన నెల, ఆమె పదకొండో రోజు భోజనానికి పిలిస్తే వెళ్లాను. గల్లీలో షామియానా వేశారు. కూతురే స్వయంగా నాకు విస్తరి వేసింది. అన్నం వడ్డిస్తూ, వడ్డిస్తూ ఆగింది.

"సార్, అంత పోయింది గని ఒక్కటి మంచిగైంది. మా అమ్మకు ఆఖర్దాంక తెల్వదు. ఒక్క రోజు గూడ భయపడలే. నాకు గా ఒక్కటి చాలు సార్. అంత మీ దయ."

విస్తరి మీంచి తలెత్తి ఆమెను చూశాను. కళ్లు వాచి ఉన్నాయి కానీ ముఖం నిమ్మళంగా ఉంది.

"అవునమ్మా, భయపడలేదు" అన్నాను.

ఆమె ఇంకో గరిటె అన్నం వేసింది. వద్దనలేదు. చివరి మెతుకు దాకా తిని లేచాను.